ఓఆర్ఎస్ అని రాసుందని కొనేయకండి, ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి

ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నీళ్ల విరేచనాలతో నీరసపడిపోయిన మా పాపకి ఓఆర్ఎస్ కావాలని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే వచ్చింది ఓఆర్ఎస్ కాదు, పండ్ల రుచి కలిపిన చక్కెర నీళ్లు. అవి పట్టాక విరేచనాలు తగ్గకపోగా ఇంకా పెరిగాయి.

యాప్‌లో ఓఆర్ఎస్ అని వెతికితే అన్నిటికంటే పైన కనిపించిన ప్యాకెట్ అది. స్ట్రా గుచ్చి తాగించేసే రకం. ముందువైపు సగం మేర ఓఆర్ఎస్ అనే ఇంగ్లిష్ అక్షరాలే, పక్కన నవ్వుతున్న పసిబిడ్డ బొమ్మ. అమ్మకందారు పెట్టిన ఫోటోలన్నీ ముందువైపువే, వెనకవైపుది ఒక్కటీ లేదు. కింద రివ్యూల నిండా ‘పిల్లలు ఇష్టంగా తాగారు’ అన్న మాటే. తాగకేం చేస్తారు, అంత తియ్యగా ఉంటే!

డాక్టర్ గారు ఆ ప్యాకెట్ చేతిలోకి తీసుకుని స్ట్రా అంటించిన చోటు పైకెత్తి చూపించారు. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘విరేచనాలకు వాడరాదు’ అని ఉంది. ఓఆర్ఎస్ కొనేదే విరేచనాలకి కదా! ఆ మాటని స్ట్రా కింద దాచి, పసిబిడ్డ బొమ్మని ముందు అచ్చేసిన వాళ్లని ఏమనాలో నాకు తెలియట్లేదు. జబ్బుపడ్డ బిడ్డని ఎత్తుకుని టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులు స్ట్రా పీకి చదువుతారా?

ఇక అందులో ఏముందో చూడండి. 200 మిల్లీలీటర్ల ఆ చిన్న ప్యాకెట్‌లో చక్కెర 20 గ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెప్పిన అసలు ఓఆర్ఎస్‌లో లీటరు నీళ్ల మొత్తానికి ఉండే గ్లూకోజ్ 13.5 గ్రాములే. పాత ఫార్ములాలో లీటరుకి 20 గ్రాములు ఉండేది. దాన్ని కూడా 2002లో తగ్గించారు, ఉప్పునీ తగ్గించారు, అలా పలచన చేస్తే పిల్లలకి విరేచనాలు, వాంతులు తక్కువవుతున్నాయని. లీటరుకి 20 గ్రాములే ఎక్కువనుకుంటే, గ్లాసుడులో 20 గ్రాములంటే ఏమవుతుంది?

మన పేగులో ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు కూడా వెళ్తుంది. విరేచనాలప్పుడు కూడా ఈ దారి పనిచేస్తూనే ఉంటుంది కాబట్టే ఓఆర్ఎస్ బిడ్డ ప్రాణం నిలబెడుతుంది. కానీ రెండూ సరైన పాళ్లలో ఉండాలి. చక్కెర మితిమీరితే ఒంట్లో ఉన్న నీరే పేగులోకి వచ్చేస్తుంది. డైపర్ మార్చిన కాసేపటికే మళ్లీ తడిసిపోయేది అందుకే. కూల్‌డ్రింకులు, తీపి కలిపిన పండ్ల రసాలు విరేచనాలప్పుడు వద్దనేదీ ఇందుకే.

కాబట్టి కొనేముందు పేరు వదిలేసి వెనకున్న వివరాలు చదవండి. సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, ఇవి లీటరుకి లెక్క. ప్యాకెట్ చిన్నదైతే అంకెలు అదే నిష్పత్తిలో తగ్గుతాయి. మొత్తం ఆస్మోలారిటీ, అంటే నీళ్లలో కరిగిన ఉప్పు, చక్కెరల గాఢత, లీటరుకి 245 అని కూడా రాసి ఉంటుంది. రెడీగా తాగే వాటిలోనూ ఈ లెక్కకి సరిపోయేవి ఉన్నాయి, అవి వాడుకోవచ్చు. పొడి కొంటే ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లే పోయాలి, ప్యాకెట్ అంతా ఒకేసారి కలిపేయాలి. నీళ్లు తగ్గిస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకి ప్రమాదం. రుచి కోసం పంచదార, జ్యూస్ ఏవీ కలపకండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

పట్టడంలో తొందర పనికిరాదు. రెండేళ్ల లోపు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొంచెం కొంచెంగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి ఇంకా నెమ్మదిగా. తల్లిపాలు మానిపించొద్దు, తినగలిగితే తిండి కూడా పెట్టండి. జింక్ ఎంత ఇవ్వాలో డాక్టర్‌ని అడగండి. పెద్దవాళ్లు విరేచనాలు ఆగడానికి వేసుకునే మాత్రలు పసిపిల్లలకి వేయనే వేయకూడదు.

కళ్లు గుంటలు పడినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, గంటల తరబడి మూత్రం పోయకపోయినా, మలంలో రక్తం కనిపించినా, పట్టిందల్లా కక్కేస్తున్నా, లేపితే సరిగా లేవకుండా మగతగా ఉన్నా ఇంట్లో చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. మడతలాగే నిలిచి మెల్లగా దిగుతుంటే నీరు బాగా తగ్గిపోయినట్టే.

మా పాపకి డాక్టర్ గారు రాసిన అసలు ఓఆర్ఎస్ పట్టాం, కోలుకుంది. అమ్మకందారుకి రాస్తే ‘ఇది ఆహార పానీయం, మందు కాదు, తిరిగి తీసుకోం’ అని జవాబిచ్చారు. మందు కానిదాన్ని ఓఆర్ఎస్ అని వెతికేవాళ్లకి ఎందుకు చూపిస్తున్నారంటే బదులు లేదు. ఫోటోలతో నేను పెట్టిన రివ్యూ కూడా తీసేశారు. ఆహార భద్రత అధికారులకి, వినియోగదారుల విభాగానికి ఫిర్యాదు చేశాను. మీరూ ఇలాంటిది కొనుంటే బిల్లు, ఖాళీ ప్యాకెట్ పారేయకండి. స్ట్రా తీసి ఆ చిన్న అక్షరాలు, బ్యాచ్ నంబర్ కనిపించేలా ఫోటో తీసి ఫిర్యాదుకి జత చేయండి. యాప్‌లో ఆ ప్యాకెట్ ఇప్పటికీ ఓఆర్ఎస్ పేరు మీదే అమ్ముతున్నారు.