పొగతోట లేడీస్ హాస్టల్: నైట్ డ్యూటీ నర్సుకు ఎంతవరకు పనికొస్తుంది?

నెల్లూరు పొగతోటలో, ఆసుపత్రులూ స్కానింగ్ సెంటర్లూ మందుల షాపులూ కిక్కిరిసి ఉన్న వీధుల మధ్యనే ఉన్న ఒక లేడీస్ హాస్టల్‌లో, బీఎస్సీ నర్సింగ్ ముగించి ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఉంటున్నాను. కొన్ని ఫిర్యాదులు కూడా రాయవలసి ఉన్నందున దాని పేరు చెప్పడం లేదు. ఆ చుట్టుపక్కల ఇటువంటి హాస్టళ్లు చాలానే ఉన్నాయి కనుక, గది వెతుక్కుంటున్న కొత్త నర్సులకు ఇందులోని విషయాలు ఎక్కడైనా ఉపయోగపడతాయి.

మా ఆసుపత్రిలో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సును మొదట కొంతకాలం పగటి డ్యూటీలోనే ఉంచి, పని చేతికి వచ్చాక ఇన్‌చార్జి సిస్టర్ పిలిచి డే కావాలా, నైట్ కావాలా అని అడుగుతారు. ఉదయం 8 నుంచి 2 వరకు ఒకటి, 2 నుంచి రాత్రి 8 వరకు ఒకటి పగటి డ్యూటీలు. రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు నైట్. ఈ ప్రశ్న వచ్చినప్పుడు పని ఎక్కడ తక్కువ, నైట్ అలవెన్సు ఎంత, తోడుగా ఏ సీనియర్ ఉంటారు అన్న సంగతులన్నీ అందరూ మాట్లాడతారు గానీ, నైట్ చేసి వచ్చాక పగలు ఎక్కడ పడుకుంటావని మాత్రం ఎవరూ అడగరు. నా దృష్టిలో సగం నిర్ణయం అక్కడే ఉంది. అందుకే ఈ హాస్టల్‌ను అద్దె కన్నా, తిండి కన్నా ముందు పగటి నిద్ర లెక్కనే చూస్తున్నాను.

ఆ లెక్కన చూస్తే ఇందులో రెండు హాస్టళ్లు ఉన్నాయని చెప్పాలి. వీధి వైపు గదుల్లో ఉదయం తొమ్మిది దాటాక నిద్ర పట్టడం దాదాపు అసాధ్యం. ఓపీలు మొదలయ్యే వేళకు ఊళ్ల నుంచి రోగులను తెచ్చిన ఆటోలు, కార్లు కిందనే ఆగుతాయి. అంబులెన్సు శబ్దానికైతే నర్సు చెవులు నిద్రలో కూడా లేచి కూర్చుంటాయి. వెనుక వైపు గదులకు పక్క ఇంటి గోడ అడ్డం ఉండడంతో వెలుతురు తక్కువ, చప్పుడూ తక్కువ. పగటి డ్యూటీ వాళ్లు చీకటి గది అని వద్దనే ఆ గదే నైట్ చేసేవారికి వరం. పై అంతస్తు మాత్రం ఎవరికీ మంచిది కాదు. నెల్లూరు ఎండలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, మధ్యాహ్నానికి శ్లాబు కాగిపోయి ఫ్యాను వేడిగాలిని కిందికి నెడుతుంది. కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఫ్యాన్లు, లైట్లు ఆడతాయి గానీ ఏసీ ఆడదు. ఇక దోమల సంగతి నెల్లూరు వారికి చెప్పనవసరం లేదు. కిటికీలకు మెష్ ఉన్నా, పగలు కూడా దోమతెర కట్టుకునే పడుకోవాలి.

ఇంత వివరంగా నిద్ర గురించి రాయడం కొందరికి అతిగా తోచవచ్చు. కానీ శరీరానికి వెలుతురును బట్టి నడిచే గడియారం ఒకటి ఉంటుంది. తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య ఒంటి ఉష్ణోగ్రత బాగా తగ్గి, చురుకుదనం అడుగంటుతుంది. నైట్ డ్యూటీలో ముఖ్యమైన పనులు ముంచుకొచ్చేది సరిగ్గా ఆ తర్వాతే: రక్తం శాంపిళ్లు తీయాలి, షుగర్ చూడాలి, రోగి ఒంట్లోకి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క (ఇన్‌టేక్ అవుట్‌పుట్) మొత్తం కట్టాలి, ఉదయపు మందులు సిద్ధం చేయాలి. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ వంటి, మోతాదు తప్పితే ప్రమాదమయ్యే మందులు ఇచ్చే ముందు ఇద్దరు నర్సులు చూడాలన్న నియమం ఉన్నా, ఇద్దరూ నిద్ర చాలనివారే అయితే ఆ రెండో చూపు మొక్కుబడిగా మారుతుంది. కాబట్టి హాస్టల్‌లో పగలు పది గంటలకు మోటారు వేస్తారా, పన్నెండుకు వేస్తారా అన్నది చిన్న విషయం కాదు.

మోటారు విషయంలోనే నాకు పెద్ద ఫిర్యాదు. నీళ్ల మోటారు, బట్టలు ఉతికే బండ రెండూ వెనుక గదుల కిటికీ కిందే ఉన్నాయి. మొదట్లో పది గంటలకు రెండూ ఒకేసారి మొదలయ్యేవి. నైట్ చేసేవాళ్లం కలిసి అడిగితే, హాస్టల్ నడిపే ఆమె మోటారును ఉదయం ఏడింటికి మార్చారు గానీ, బండ దగ్గర మాటలు మాత్రం ఆగలేదు. మెలకువ వచ్చి బయటికి వస్తే వంటావిడ "ఏం పాపా, నిద్ర చాల్లేదా?" అని ప్రేమగానే అడుగుతుంది. ఆమె గొంతు కూడా ఆ చప్పుళ్లలో ఒకటని చెప్పడానికి మనసొప్పదు.

భోజనం పగటి డ్యూటీ వారిని దృష్టిలో పెట్టుకుని ఏర్పాటు చేసినది. ఉదయం టిఫిన్ ఏడు నుంచి తొమ్మిది వరకు ఉంటుంది కనుక, తర్వాతి డ్యూటీ వారికి వార్డు అప్పగించి (హ్యాండోవర్) ఎనిమిదిన్నరకు వచ్చినా దొరుకుతుంది. మధ్యాహ్న భోజనం పన్నెండున్నర నుంచి రెండు వరకు. అంటే నైట్ చేసినవారి గాఢనిద్ర వేళ. ముందే చెబితే పళ్లెంలో పెట్టి మూత వేసి ఉంచుతారు, అది మెచ్చుకోవలసిందే. రాత్రి భోజనం ఎనిమిదికి గానీ సిద్ధం కాదు కాబట్టి, డ్యూటీకి వెళ్లేవారికి మధ్యాహ్నపు అన్నం, పప్పుచారు బాక్సులో కట్టిస్తారు. అర్ధరాత్రి దాటాక చల్లారిన పప్పుచారు ఎవరికీ సయించదు. పెరుగన్నం అడగడం మేలు. ఆదివారం రాత్రి చేపల పులుసు చేసినప్పుడు మాత్రం నైట్ వారిదే అదృష్టం. మరునాడు ఉదయం, మామిడికాయ ముక్కలు బాగా ఊరిన పులుసు ఇడ్లీలతో దొరుకుతుంది.

భద్రత విషయంలో ఈ చోటుకు మంచి మార్కులు వేస్తాను. మందుల షాపులు రాత్రి చాలాసేపు తెరిచే ఉండడంతో ఏడున్నరకు నడిచి వెళ్లడానికి భయం లేదు, ఆటో ఖర్చూ లేదు. దర్గామిట్ట పెద్దాసుపత్రిలో పనిచేసేవారికి ఆటో తప్పదు. మొహర్రంలో రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గాకు జనం పోటెత్తే రోజుల్లో అటువైపు వెళ్లేవారు గంట ముందే బయలుదేరాలి. గేటు తొమ్మిదిన్నరకు మూస్తారు. రాత్రి గదిలో లేకపోతే ఇంటికి ఫోన్ చేసే పద్ధతి కూడా ఉంది. మొదటి నైట్‌కే మా అమ్మకు ఫోన్ వెళ్లింది. డ్యూటీ రోస్టర్ కాగితం ఆఫీసు గోడకు అంటించాక ఆ ఇబ్బంది తీరింది.

నా సలహా అడిగితే, కొత్త నర్సు మొదటి కొన్ని నెలలు డే అడగడమే మంచిది. డాక్టర్ల రౌండ్లు, అడ్మిషన్లు, డ్రెస్సింగులు, సందేహం వస్తే అడగడానికి సీనియర్లు, అన్నీ పగలే ఉంటాయి. తర్వాత నైట్ తీసుకుంటే, ఉన్న కొద్దిమందితో వార్డు నడపడం, మానిటర్ మోగకముందే రోగి ముఖం చూసి తేడా పసిగట్టడం వస్తాయి. మారేటప్పుడు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న వరుసలో వెళ్తే శరీరం తేలికగా ఒప్పుకుంటుంది. నైట్ నుంచి నేరుగా మార్నింగ్‌కు వేసే రోస్టర్‌ను వీలైతే మార్పించుకోవాలి. అయితే ఇదంతా వెనుక గది దొరికితేనే. వీధి గదిలో ఉంటూ నైట్‌కు ఒప్పుకున్న ఒక స్నేహితురాలు పగటి నిద్ర కరువై మళ్లీ డే అడిగింది.

ముగ్గురు ఉండే గదికి భోజనంతో కలిపి నెలకు 6,000 రూపాయలు, ఏసీ గదికి కరెంటు మీటరు అదనం. ఒక నెల అద్దె అడ్వాన్సుగా తీసుకుంటారు, ఖాళీ చేసే ముందు నెల రోజులు గడువు చెప్పాలి. గది చూడడానికి సాయంత్రం వెళ్లవద్దు. పగలు పదిన్నరకు వెళ్లి, తలుపు వేయించి, ఆ మంచం మీద కాసేపు కూర్చున్నాకే డబ్బు కట్టండి. గదిలోని మిగతా ఇద్దరిలో ఒకరైనా నైట్ చేసేవారేనా అని కూడా అప్పుడే అడగండి.