సిల్డెనాఫిల్, టాడలాఫిల్, లేక మాత్ర లేని దారా? అంగస్తంభన సమస్యకు ఏది మేలు?

అంగం సరిగా గట్టిపడటం లేదని మగవాడు డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి చాలా ఆలస్యమై ఉంటుంది. అప్పటికే కారణం తనే తేల్చేసుకుని ఉంటాడు. వయసైపోయిందనో, పని టెన్షన్ అనో. ఇక మిగిలేది ఒకటే ప్రశ్న: ఏ మాత్ర మంచిది? దానికి జవాబు కింద ఉంది. అయితే రెండు మాత్రలను పక్కపక్కన పెట్టే ముందు, రెండు కారణాలను, మనసుదీ ఒంటిదీ, పక్కపక్కన పెట్టి చూడాలి.

ముందుగా, చాలామంది తలకిందులుగా అనుకునే విషయం ఒకటుంది. అంగం గట్టిపడాలంటే లోపల ఏదో కండరం బిగుసుకోవాలని అనుకుంటాం. నిజానికి అది వదులవ్వాలి. అంగం పొడవునా స్పాంజిలాంటి రెండు గొట్టాలు ఉంటాయి. మామూలు సమయంలో వాటి లోపలి కండరం బిగిసే ఉంటుంది కాబట్టి రక్తం కొద్దిగానే వస్తుంది. కోరిక కలిగినప్పుడు నాడుల కొసల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దాని వల్ల తయారయ్యే సైక్లిక్ జీఎంపీ అనే పదార్థం ఆ కండరాన్ని సడలిస్తుంది. రక్తం వచ్చి నిండుతుంది, ఆ నిండుదనానికి రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరలు నొక్కుకుపోతాయి. మరోపక్క పీడీఈ5 అనే ఎంజైమ్ ఈ జీఎంపీని విరగ్గొడుతూ ఉంటుంది. నైట్రిక్ ఆక్సైడ్ శరీరంలో ఇలా కబుర్లు మోస్తుందని కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది మార్చిలో అమెరికాలో సిల్డెనాఫిల్‌కు, అంటే వయాగ్రాకు, అనుమతి దొరికింది. గుండె రక్తనాళాల నొప్పికి మందుగా పరీక్షిస్తుంటే అనుకోకుండా బయటపడిన గుణం ఇది.

ఇది తెలిస్తే టెన్షన్ ఏం చేస్తుందో కూడా అర్థమవుతుంది. భయపడినప్పుడు ఊరే అడ్రినలిన్, దాని తోబుట్టువు నార్‌అడ్రినలిన్ అదే కండరాన్ని బిగిస్తాయి. "ఈసారైనా అవుతుందా లేదా" అని తనను తాను పరీక్ష పెట్టుకునే మనిషికి అవ్వకపోవడానికి ఆ పరీక్షే చాలు.

మరి మనసుదా, ఒంటిదా? తేడా కనిపెట్టడానికి మంచి ఆనవాళ్లు ఉన్నాయి. సమస్య ఒక్కసారిగా మొదలైందా, ఏదో గొడవ తర్వాతో, కొత్త సంబంధం మొదట్లోనో వచ్చిందా, ఒంటరిగా ఉన్నప్పుడు బాగానే ఉంటుందా, తెల్లవారుజామున లేచేసరికి గట్టిగా ఉంటోందా? అలా అయితే రక్తనాళాలు, నాడులు చాలావరకు పనిచేస్తున్నట్టే. ఆరోగ్యవంతుడికి నిద్రలో కలల దశ వచ్చినప్పుడల్లా, రాత్రికి మూడు నుంచి ఐదు సార్లు, తనకు తెలియకుండానే స్తంభన జరుగుతుంది. అలాకాక నెలలు, ఏళ్ల తరబడి మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చి, ఉదయంపూట కూడా లేకుండా పోయిందంటే అనుమానం రక్తనాళాల మీదికి వెళ్లాలి. ఒకటి రెండుసార్లు కుదరకపోవడం జబ్బు కాదు. కనీసం మూడు నెలల పాటు సాగితేనే ఆ మాట వాడాలి. ఇక "నపుంసకుడు" అన్నది తిట్టు, జబ్బు పేరు కాదు.

కానీ ఈ విభజన కాగితం మీద ఉన్నంత శుభ్రంగా మనిషిలో ఉండదు. షుగర్ వల్ల మొదలైన సమస్యకు రెండు మూడు వైఫల్యాల తర్వాత భయం తోడవుతుంది. అప్పుడు షుగర్ పాత్ర ఎంత, భయం పాత్ర ఎంత అని ఎవరూ తూకం వేయలేరు.

ఒంటి కారణాల్లో నేను ఎక్కువసేపు ఆగేది గుండె దగ్గరే. అంగానికి రక్తం తెచ్చే ధమనుల వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండెకు రక్తం అందించేవి మూడు నాలుగు మిల్లీమీటర్లు. లోపల కొవ్వు పేరుకుంటే సన్న గొట్టమే ముందు ఇబ్బంది పెడుతుంది. అందుకే గుండె జబ్బు బయటపడటానికి రెండు నుంచి ఐదేళ్ల ముందే స్తంభన తగ్గడం తరచుగా కనిపిస్తుంది. ముఖ్యంగా నలభైల్లో ఉన్నవాడికి ఇలా అయితే మాత్ర చీటీతో పాటు బీపీ, షుగర్, కొలెస్టరాల్ పరీక్షలు, ఉదయంపూట తీసిన రక్తంలో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పరీక్ష రాయించుకోవాలి. పొగతాగడం, అధిక బరువు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ప్రొస్టేట్ ఆపరేషన్, వెన్ను గాయాలు కూడా ఈ జాబితాలోకే వస్తాయి. వాడుతున్న మందులూ కారణం కావచ్చు: బీపీకి ఇచ్చే థయజైడ్లు, పాత తరం బీటా బ్లాకర్లు, డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు. వాటిని సొంతంగా ఆపేయకుండా, మార్చడానికి వీలుందేమో రాసిచ్చిన డాక్టర్‌నే అడగాలి.

ఇప్పుడు మాత్రలకు వద్దాం. సిల్డెనాఫిల్, టాడలాఫిల్ రెండూ చేసేది ఒకే పని: పీడీఈ5ని అడ్డుకుని, ఉన్న జీఎంపీని ఎక్కువసేపు నిలబెడతాయి. ఉన్నదాన్ని నిలబెట్టడమే తప్ప పుట్టించడం వాటి చేతిలో లేదు. అంటే కోరిక, స్పర్శ లేకుండా మాత్ర వేసుకుని కూర్చుంటే ఏమీ జరగదు. మందు పనిచేయలేదని మొదటిసారికే వదిలేసేవాళ్లలో కొందరు ఇక్కడే పొరపడతారు. ఆరేడు సార్లైనా, సరైన మోతాదులో, సరైన సమయానికి వాడి చూడకుండా ఏ మాత్రనూ పనికిరాదనలేం.

బలంలో ఈ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉన్న తేడా అంతా గడియారంలో ఉంది. సిల్డెనాఫిల్‌ను దాదాపు గంట ముందు వేసుకోవాలి, దాని పట్టు నాలుగైదు గంటలు. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం మీద వేసుకుంటే పని మొదలవడం ఆలస్యమవుతుంది. టాడలాఫిల్‌కు భోజనంతో పనిలేదు, ప్రభావం 36 గంటల వరకు ఉంటుంది. ఇందులోనే రోజూ వేసుకునే చిన్న మోతాదు కూడా ఉంది, 2.5 లేదా 5 మిల్లీగ్రాములు. అలా వాడితే ఏ పూటకు మాత్ర వేసుకోవాలన్న లెక్కే ఉండదు. వయసు పైబడి ప్రొస్టేట్ ఉబ్బి మూత్రం ఇబ్బంది పెడుతున్నవాళ్లకు ఆ 5 మిల్లీగ్రాములే రెండింటికీ పనికొస్తుంది.

నన్ను అడిగితే, భయమే సగం సమస్య అయినవాళ్లకు, వారానికి రెండు మూడుసార్లు కలిసేవాళ్లకు రోజువారీ టాడలాఫిల్ మేలు. మాత్ర వేసుకుని గంట లెక్కపెట్టడం అంటే మళ్లీ పరీక్ష గదిలోకి వెళ్లడమే. ఎప్పుడో ఒకసారి అవసరపడేవాళ్లకు, మందు ఒంట్లోంచి త్వరగా పోవాలనుకునేవాళ్లకు సిల్డెనాఫిల్ చాలు. తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, అజీర్తి రెండింటికీ ఉన్నాయి. సిల్డెనాఫిల్ కొందరికి కాసేపు చూపును నీలంగా చేస్తుంది, టాడలాఫిల్‌తో కొందరికి నడుమూ ఒళ్లూ నొప్పి పెడతాయి. నొప్పి వస్తే అదీ ఎక్కువసేపు ఉంటుందని గుర్తుంచుకోండి, మందు పట్టు పొడవు కాబట్టి.

ఈ రెండింటిలో ఏదీ మేలు కానివాళ్లు ఉన్నారు. గుండె నొప్పికి నైట్రేట్ మందులు, అంటే నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిసరిన్, ఐసోసార్బైడ్ లాంటివి వాడేవాళ్లు వీటి జోలికి వెళ్లకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. ఇంకో పక్క కూడా ఉంది: మాత్ర వేసుకున్న తర్వాత ఛాతీ నొప్పి వచ్చి ఆసుపత్రికి వెళ్తే ఆ సంగతి సిగ్గుపడకుండా ముందే చెప్పాలి. సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టాడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. ప్రొస్టేట్‌కు టాంసులోసిన్ లాంటివి వాడేవాళ్లు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి. స్తంభన నాలుగు గంటలు దాటినా దిగకపోయినా, ఉన్నట్టుండి చూపో వినికిడో తగ్గినా అది అత్యవసరం.

మూలికలతోనే చేశామని, దుష్ప్రభావాలే లేవని అమ్మే పొట్లాల సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. వాటిలో చెప్పకుండా కలిపిన సిల్డెనాఫిల్ దొరికిందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పదేపదే హెచ్చరికలు జారీ చేసింది. మూలికలే కదా అని నైట్రేట్ వాడే మనిషి ధైర్యంగా వేసుకునేది ఇవే.

మాత్ర వద్దు, అలవాట్లు మార్చుకుంటాను అంటే? తీసిపారేసే దారి కాదు. ఇటలీలో స్థూలకాయులైన 110 మంది మీద రెండేళ్లు చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు తగ్గి వ్యాయామం పెంచినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి మామూలు స్తంభన తిరిగొచ్చింది. ఈ రెండింటిలో రక్తనాళాన్ని బాగుచేసే దారి ఇదే, మాత్ర ఆ పూటకే. కానీ దీనికి నెలలు పడుతుంది, మధ్యలో ఓపిక తప్పుతుంది. అందుకే రెండింటిలో ఒకటి ఎంచుకోమనడం నాకు అర్థంలేని పోటీ అనిపిస్తుంది. నడక మొదలుపెట్టి, ఫలితం వచ్చేదాకా మాత్ర వాడితే తప్పేముంది? భయం ప్రధానంగా ఉన్నవాళ్లకు కౌన్సెలింగ్ విషయంలోనూ అంతే, వీలైతే జంటగా వెళ్లాలి.

టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ మాత్రం వేరే లెక్క. రక్తంలో అది తక్కువగా ఉందని రెండు ఉదయాలు పరీక్షించి తేలితేనే పనికొస్తుంది. అప్పుడు కూడా పెరిగేది ముఖ్యంగా కోరిక. బయటి నుంచి ఇచ్చే హార్మోన్ వీర్యకణాల తయారీని బాగా తగ్గిస్తుంది, చాలామందిలో ఆపేస్తుంది కూడా. పిల్లలు కావాలనుకునే వయసులో బలానికని వేయించుకునేవాళ్లకు ఈ సంగతి ముందు చెప్పేవాళ్లు తక్కువ.

మాత్రలు పనిచేయనివాళ్లకు, ముఖ్యంగా ప్రొస్టేట్ ఆపరేషన్ అయినవాళ్లకు, చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా మూడు దారులున్నాయి. అంగం చుట్టూ గాలిని లాగేసి రక్తాన్ని రప్పించే వాక్యూమ్ పంపుకు మందు అక్కర్లేదు, కానీ రక్తం నిలవడానికి అంగం మొదలు దగ్గర బిగించే రింగును అరగంటలో తీసేయాలి, స్తంభన కాస్త చల్లగా, మొద్దుగా అనిపిస్తుంది. ఆల్‌ప్రోస్టాడిల్ ఇంజెక్షన్ నేరుగా అంగంలోకే, సన్న సూదితో. వినగానే భయం వేస్తుంది కానీ నాడులు దెబ్బతిన్నా పనిచేస్తుంది. ఇలా ఇంజెక్షన్‌తో స్తంభన తెప్పించవచ్చని 1983లో లాస్‌వేగస్‌లో జరిగిన యూరాలజిస్టుల సభలో బ్రిండ్లీ అనే శాస్త్రవేత్త తన మీదే చేసుకుని, వేదిక మీదే ప్యాంటు దించి చూపించాడు. చివరిది అంగం లోపల అమర్చే గొట్టాలు, అంటే ఇంప్లాంట్. గాలితో కాకుండా సెలైన్ నీటితో నిండే రకం 1973లో వచ్చింది. దీనికి ఆపరేషన్ కావాలి, అది లోపలి స్పాంజి కణజాలాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి తర్వాత మళ్లీ మాత్రల దగ్గరికి తిరిగి రావడం కుదరదు. అందుకే డాక్టర్లు దీన్ని చివరిదాకా దాచి ఉంచుతారు. విచిత్రమేమిటంటే, వేయించుకున్న మగవాళ్లలో, వాళ్ల భాగస్వాముల్లో కూడా, తృప్తిగా ఉన్నామనేవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది దీనిలోనే.