ఎయిర్‌బ్యాగ్ రీకాల్: పని బాగుంది, సమాచారమే కరువు

జపాన్ కంపెనీ టకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల ఇన్‌ఫ్లేటర్లలోని (బ్యాగును గ్యాసుతో నింపే భాగాల్లోని) అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ల తరబడి వేడికీ, గాలిలోని తేమకూ గురై పాడైతే, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే క్షణంలో దాని లోహపు డబ్బా పగిలి ముక్కలు డ్రైవరు ముఖం మీదికి, మెడ మీదికి దూసుకురావచ్చు. కాకినాడ వంటి సముద్రతీర పట్టణంలో ఉండేవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మేము సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు రీకాల్ జాబితాలో (లోపమున్న భాగాన్ని ఉచితంగా మార్చేందుకు కంపెనీ వెనక్కి పిలిచిన బండ్ల జాబితాలో) ఉందని కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ నంబరు కొట్టి చూస్తేనే తెలిసింది. విడిభాగం రాలేదంటూ సర్వీస్ సెంటర్ వారు నెలల తరబడి తిప్పించుకున్నారు. అంతవరకు బండి నడపవచ్చా అని అడిగితే ఎవరూ సూటిగా జవాబివ్వకపోవడం చాలా బాధ కలిగించింది. భాగం వచ్చాక మాత్రం మెకానిక్ బ్యాటరీ కనెక్షన్ తీసి, స్టీరింగ్ మధ్యభాగం విప్పి, కొత్త ఇన్‌ఫ్లేటరును శ్రద్ధగా బిగించారు. పైసా తీసుకోలేదు. రీకాల్ పూర్తయినట్టు జాబ్‌కార్డు (సర్వీస్ సెంటర్ చేసిన పని వివరాల కాగితం) మీద తప్పక రాయించుకోండి.