1983 మెర్సిడెస్ 300డి ఆటోమేటిక్ గేర్‌బాక్స్, మూడేళ్ళు నడిపాక

మేం న్యూ జెర్సీలో ఉంటాం, మూడేళ్ళ కిందట 1983 మోడల్ 300డి టర్బో డీజిల్ కొన్నాను, డబ్ల్యూ123 బాడీ (ఆ తరం మోడల్‌కి మెర్సిడెస్ పెట్టుకున్న కోడ్ పేరు). ఇంజన్ గురించి అందరూ రాసేశారు, ఐదు సిలిండర్లు, మూడు లీటర్లు, ఎన్ని లక్షల మైళ్ళయినా లాగుతుందని, దాని జోలికి నేను పోను. కొనాలనుకునేవాళ్ళు భయపడేది గేర్‌బాక్స్ గురించి, "గేర్ మారినప్పుడల్లా వెనకనుంచి ఎవరో గుద్దినట్టుంది, పోయినట్టేనా" అని, అందుకే దాని మీదే రాస్తున్నా.

ముందే చెప్తున్నా, ఇప్పటి కార్లలో లాగా గేర్ మారిన సంగతే తెలీకూడదు అనుకుంటే ఈ బండి మీకు నచ్చదు. నాలుగు గేర్లు, కంప్యూటర్ లేదు, అంతా ఆయిల్ ప్రెజర్ మీదే నడుస్తుంది. కండిషన్ బాగున్న బండిలో కూడా ఒక్కో గేర్ పడటం ఒంటికి తెలుస్తుంది, అది దాని తత్వం, నాకు అదే ఇష్టం కూడా. కానీ తెలియడం వేరు, గుద్దడం వేరు.

నా బండి కొన్న ఆరు నెలలకి గుద్దడం మొదలెట్టింది. రెండు నుంచి మూడుకి పడేటప్పుడు తల ముందుకి ఊగేది, వెనక సీట్లో నిద్రపోతున్న పాప ఉలిక్కిపడి లేచేది, మా ఆవిడైతే "ఏమండీ, బ్రిడ్జ్‌వాటర్ గుడికి వేరే కారులో వెళ్దాం" అనేసింది. ఒక ట్రాన్స్‌మిషన్ షాపుకి తీసుకెళ్తే బానెట్ కూడా సరిగ్గా ఎత్తలేదు, ఒక రౌండు తిప్పొచ్చి మొత్తం విప్పి రీబిల్డ్ చెయ్యాలి, 3,500 డాలర్లు అన్నారు. ఆ డబ్బు కట్టేసేవాడినే, కానీ అదే వారంలో ఇంకొకటి జరిగింది, తాళం తిప్పి తీసేశాక కూడా ఇంజన్ ఆగలేదు, ఒక నిమిషం దాకా అలా కొట్టుకుంటూనే ఉంది, బానెట్ ఎత్తి ఇంజన్ మీదున్న స్టాప్ లివర్ నొక్కి ఆపాల్సొచ్చింది. ఈ రెండిటికీ ఒకటే కారణం, వ్యాక్యూమ్ (గాలిని లాగే శక్తి) లీకవడం, అని తర్వాత అర్థమైంది.

పెట్రోల్ ఇంజన్‌లో గాలి వెళ్ళే దారికి మూత ఉంటుంది కాబట్టి వ్యాక్యూమ్ దానంతటదే పుడుతుంది. డీజిల్‌లో ఆ మూత లేదు, అందుకని ముందువైపు వేరే వ్యాక్యూమ్ పంప్ పెట్టారు. బ్రేక్ బూస్టర్, డోర్ లాకులు, ఇంజన్ ఆపే ఏర్పాటు, గేర్‌బాక్స్, అన్నిటికీ ఆ ఒక్క పంపే. యాక్సిలరేటర్ ఎంత నొక్కితే గేర్‌బాక్స్‌కి అంత తక్కువ వ్యాక్యూమ్ వెళ్ళేలా ఇంజెక్షన్ పంప్ (ఇంజన్‌కి డీజిల్ అందించేది) దగ్గర ఒక వాల్వ్ ఉంటుంది. వ్యాక్యూమ్ తగ్గితే గేర్‌బాక్స్ పక్కనున్న మాడ్యులేటర్ ఆయిల్ ప్రెజర్ పెంచి గేర్‌ని గట్టిగా పట్టిస్తుంది, లోడ్ మీద క్లచ్ ప్లేట్లు జారి కాలిపోకుండా. ఇప్పుడు ఎక్కడో పైపు లీకైందనుకోండి, మీరు మెల్లగా పోతున్నా దాని లెక్కలో మీరు ఫుల్లుగా తొక్కుతున్నట్టే, ఇక ప్రతి గేరూ గుద్దుడే.

చేతితో కొట్టే వ్యాక్యూమ్ పంప్ ఒకటి, గేజ్ ఉన్నది, తెప్పించి ఒక్కో లైనూ విడదీసి చూస్తూ పోయాను. ఇంజన్ పంప్ బ్రహ్మాండంగా ఉంది, గేజ్ మీద 20 ఇంచులు (పాదరసం లెక్కలో) దాటి లాగుతోంది. లీకు ఎక్కడంటే వెనక డోర్ లాక్‌ని కదిలించే రబ్బరు పొరలో, అంటే డయాఫ్రమ్‌లో! నలభై ఏళ్ళ రబ్బరు, చిరిగిపోయింది, దారిలో రబ్బరు జాయింట్లు కూడా ఎండి పగుళ్ళిచ్చాయి. అన్నీ కలిపి 60 డాలర్లు కాలేదు, రెండు శనివారాలు పట్టింది. ఇప్పుడు గేర్లు నిమ్మళంగా పడుతున్నాయి, ఇంజన్ కూడా తాళం తిప్పగానే ఆగుతోంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలామంది లీకు వెతక్కుండా మాడ్యులేటర్ స్క్రూ తిప్పేసి షిఫ్ట్ మెత్తగా చేసుకుంటారు, దయచేసి ఆ పని చెయ్యకండి, ప్రెజర్ మరీ తగ్గితే గేర్ మారే మధ్యలో ఇంజన్ రెయ్యిమని లేస్తుంది, అంటే లోపల ప్లేట్లు జారుతున్నట్టే, గుద్దే గేర్‌బాక్స్ కంటే జారే గేర్‌బాక్స్ తొందరగా పోతుంది. గేర్ ఎంత స్పీడుకి మారాలి అనేది వేరే కేబుల్ పని, బౌడెన్ కేబుల్ అంటారు, అది వదులైతే గేర్లు మరీ తొందరగా మారిపోతాయి, మాడ్యులేటర్‌కీ దానికీ ముడిపెట్టకండి. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చేటప్పుడు పాన్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) బోల్టు ఒక్కటే విప్పి ఊరుకుంటే పాత ఆయిల్ చాలావరకు టార్క్ కన్వర్టర్‌లోనే (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉండిపోతుంది, దానికీ విడిగా డ్రెయిన్ ప్లగ్ ఉంది, ఇంజన్ చేత్తో తిప్పుకుంటూ అది కిందకొచ్చాక విప్పాలి.

నచ్చనిది హైవే. ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజన్ నెమ్మదిగా తిరిగేలా చేసే పై గేర్) లేదు, కన్వర్టర్ లాకప్ (కన్వర్టర్‌లో జారుడు లేకుండా బిగించే ఏర్పాటు) లేదు, 65 మైళ్ళ మీద గంటసేపు పోతే ఆ మోతకి మాట్లాడుకోవడం కష్టమే. ఘాట్ రోడ్ల మీద మాత్రం గేర్ లివర్‌ని ఎస్‌ అన్న చోట పెడితే మూడో గేర్ దాటదు, దిగేటప్పుడు బ్రేక్ మీద భారం తగ్గుతుంది.

నా రేటింగ్ 5కి 4. కొనడానికి వెళ్తే టెస్ట్ డ్రైవ్‌కి ముందే డ్రైవర్ డోర్ లాక్ చేసి మిగతా మూడు డోర్లూ, డీజిల్ మూతా కూడా లాక్ అయ్యాయా చూడండి. తాళం తీయగానే ఇంజన్ ఆగిందా చూడండి. ఈ రెండూ సరిగ్గా లేక గేర్ గుద్దుతుంటే ముందు వ్యాక్యూమ్ చూపించండి, రీబిల్డ్ మాట తర్వాత.