మూర్ఛను ఆపే గుణానికి ఏ పరీక్ష: విద్యుత్ షాకా, పీటీజెడ్డా?

నల్లమల, శేషాచలం అడవుల మూలికలపై పనిచేసే కర్నూలు, కడప ఫార్మసీ విద్యార్థులకు, ఒక ఆకు సారం మూర్ఛను ఆపుతుందో లేదో తేల్చడానికి ముఖ్యంగా రెండు పద్ధతులు అందుబాటులో ఉన్నాయి.

విద్యుత్ షాక్ పద్ధతిలో ఎలుకకు క్షణకాలం విద్యుత్తు ఇచ్చి, దాని వెనుక కాళ్లు బిగుసుకొని చాచుకోవడాన్ని సారం అడ్డుకుందా అని చూస్తారు. ఇక్కడ సారాన్ని పోల్చి చూసే ప్రామాణిక ఔషధం ఫెనిటోయిన్ అనే మూర్ఛ మందు. రెండో పద్ధతిలో ఎలుకకు ఇచ్చే రసాయనం పీటీజెడ్, అంటే పెంటిలీన్‌టెట్రజోల్; అది మెదడును శాంతపరిచే గాబా గ్రాహకాలను అడ్డుకొని మూర్ఛ రప్పిస్తుంది కనుక, గాబా ప్రభావాన్ని పెంచే డయాజెపామ్ మందు దానిని ఆపుతుంది గానీ, మొదటి పరీక్షలో నెగ్గిన ఫెనిటోయిన్ ఇక్కడ సాధారణంగా పనిచేయదు. ఒక్క పరీక్షతో సారాన్ని పనికిరానిదని తోసిపుచ్చడం అన్యాయం. నేడు విస్తృతంగా వాడుతున్న లెవెటిరాసిటమ్ ఈ రెండు పరీక్షల్లోనూ విఫలమైన మందే.

ఒకటే చేయగలిగితే, ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల రసాయనాలు అధికంగా ఉన్న సారానికి నేను పీటీజెడ్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే వాటిలో కొన్ని గాబా గ్రాహకాలపై పనిచేస్తాయి. యాంటీఆక్సిడెంట్ గుణాన్ని వేరుగా, డీపీపీహెచ్ అనే రసాయన ద్రావణపు ఊదారంగు తగ్గడాన్ని 517 నానోమీటర్ల కాంతి తరంగదైర్ఘ్యం వద్ద కొలిచి తెలుసుకోవచ్చు. అయితే గాజు గొట్టంలో రంగు పోయినంత మాత్రాన మెదడుకు రక్షణ దొరికిందని రాయకూడదు. జంతువులపై ఏ పద్ధతి చేపట్టినా, సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి ముందుగానే తీసుకోవాలి.