అబంధ నిధితో కాంటా వచ్చింది, గోదాము ఆగింది

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ఉన్న మా గ్రామానికి అబంధ నిధి, అంటే ఫలానా పనికే వాడాలన్న షరతు లేని నిధి, రావడం మొదలై చాలా ఏళ్లయింది. తెలుగువారైన చెన్నమనేని విద్యాసాగరరావు గారు మహారాష్ట్ర గవర్నరుగా ఉన్న కాలంలో, 2015లో, ఆదివాసీల కోసం బడ్జెట్‌లో విడిగా ఉంచే ఉపయోజన నిధుల్లో 5 శాతం నేరుగా పెసా (ఆదివాసీ ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే చట్టం) కిందికి వచ్చే గ్రామాలకు ఇవ్వాలని నిర్ణయించిన సంగతి ఇక్కడివారికి తెలిసిందే. అందువల్ల మిగతా వివరాలు వదిలేసి, ఇన్నేళ్ల వాడకంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన ఒక్క విషయం గురించే రాస్తున్నాను. ఈ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో గ్రామసభే తేలుస్తుంది.

మా సభ చేసిన ఠరావుల్లో (తీర్మానాల్లో) అతి చిన్నది ఎలక్ట్రానిక్ కాంటా కొనడం. రోడ్డు కావాలన్నా, సభామండపం కావాలన్నా అడగడానికి శాఖలున్నాయి కానీ, ఇప్ప పువ్వు తూచుకోవడానికి కాంటా ఇప్పించమంటే వినే కార్యాలయం మాకెప్పుడూ దొరకలేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే అడవికి వెళ్లి ఏరుకొచ్చి, వాకిళ్లలో ఎండబెట్టిన పువ్వును మా ఆడవాళ్లు ఇంటి ముందుకొచ్చిన వ్యాపారికి డబ్బా లెక్కన అమ్మేవారు. డబ్బా అతనిదే, నింపేదీ అతనే, లెక్క చెప్పేదీ అతనే. 2020 మే నెలలో కేంద్రం ఎండు ఇప్ప పువ్వు మద్దతు ధరను కిలోకు 17 రూపాయల నుంచి 30 రూపాయలకు పెంచినా మా వాడలో దాని జాడ కనిపించలేదు, తూకమే లేనిచోట ధర ఎంత పెరిగితే ఏం లాభం? కాంటా వచ్చిన తొలి సీజనులోనే ప్రతి ఇంటివారూ ముందు తమ సరుకు తామే తూచుకుని, కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే బేరానికి కూర్చున్నారు. ముఖం చాటేసిన వ్యాపారులు కూడా కొద్ది వారాలకే తిరిగి వచ్చారు. అంత తక్కువ డబ్బుతో ఇంత మార్పు తెచ్చిన పని మరొకటి మా ఊళ్లో నేను చూడలేదు.

ఆ ఉత్సాహంతోనే గోదాము తలపెట్టాం. పువ్వును వానాకాలం దాకా నిలవ ఉంచగలిగితే మంచి ధర పలుకుతుంది, కానీ తేమ తగిలితే బూజు పడుతుంది కాబట్టి ఎత్తైన అరుగు, గట్టి కప్పు తప్పనిసరి. మొదటి విడత డబ్బుతో పునాది, గోడలు పూర్తయ్యాయి. రెండో విడత రావాలంటే కొలతల పుస్తకం నింపాలన్నారు, నింపవలసిన ఇంజనీరు చేతికింద ఎన్నో ఊళ్లు ఉండడంతో ఆయన రాక వాయిదాపడుతూ పోయింది. చివరికి ఆయన వచ్చి రాసి వెళ్లాక, స్థలానికి సంబంధించిన భూమి రికార్డు అయిన సాత్‌బారా జతచేయలేదని పై కార్యాలయం కాగితాలను తిప్పి పంపింది. మొదటి విడత ఇచ్చేటప్పుడు ఆ కాగితం ఎవరూ అడగలేదు. ఇంతలో పువ్వు రాలడం మొదలైంది. కప్పులేని గోడల మీద టార్పాలిన్లు కట్టి బస్తాలు లోపల పెట్టాం. ఏప్రిల్‌లో ఒక రాత్రి గాలివానకు టార్పాలిన్ చిరిగి, నీళ్లు నిలిచి, అడుగు వరసలోని బస్తాలన్నీ తడిసిపోయాయి. నష్టపోయినవారిలో ఎక్కువమంది సెంటు భూమి కూడా లేని ఇళ్ల ఆడవాళ్లు, జూన్‌లో పిల్లల బడి ఖర్చుకు వారు నమ్ముకున్నది ఆ పువ్వునే. కప్పు మరుసటి సీజనుకు గాని పడలేదు. నిధి మార్చి 31తో ముగిసే లెక్కల ప్రకారం నడుస్తుంది, మా పంట చేతికొచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఈ సంగతి గమనించి విడతలు విడుదల చేసేవారు ఎవరూ లేకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

గ్రామసభే తేలుస్తుందని పైన అన్నాను. అయితే తొలి ఏళ్లలో సభకు వచ్చి మాట్లాడినవారు దాదాపు అందరూ మగవాళ్లే, వాళ్లు కోరినవి సిమెంటు పనులే. కాంటా ఆలోచన అసలు పుట్టింది గ్రామసభకు ముందు జరిగే మహిళాసభలో, ఒక బచత్ గట్ (పొదుపు సంఘం) సభ్యురాలి నోట. ఆ సభను కాగితాల మీదే జరిపించి ఉంటే కాంటా వచ్చేది కాదు. నిధిని ఆదివాసీ జనాభాను బట్టి పంచుతారు కాబట్టి, మా పంచాయతీలోనే ఉన్న చిన్న గూడేనికి దక్కే వాటాతో ఏ పనీ పూర్తిగా చేయలేకపోతున్నారు. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటా తూనికల శాఖ ముద్ర వేయించాలి, బ్యాటరీ మార్చాలి. వస్తువు కొనడానికి దొరికినంత తేలికగా దాని నిర్వహణకు డబ్బు దొరకదు, అందుకే ఇంటికి కొంత చొప్పున వేసుకుంటున్నాం.

కాబట్టి ఈ నిధి అన్ని ఊళ్లకూ ఇలాగే ఉపయోగపడుతుందని నేను చెప్పలేను. మా ఊరికి రోడ్డు ఉంది, చుట్టూ ఇప్పచెట్లున్నాయి, మరాఠీలో ఠరావు రాయగల పిల్లలున్నారు. ధానోరా తాలూకాలోని మెండా-లేఖా వంటి ఊళ్లు, సామూహిక అటవీ హక్కు పొందిన 2009కి ఎంతో ముందునుంచే సభ నడుపుకునే అలవాటు ఉన్నవి, దీన్ని మాకంటే బాగా వాడుకోగలవు. ఆ అలవాటు లేనిచోట ఇది ఏ గుత్తేదారు చేతిలోనో పడవచ్చు. మా మటుకు, ఒకే విడతలో పూర్తయ్యే పనులకైతే ఈ నిధినే ముందు ఎంచుకుంటాం, రెండు విడతలు పట్టే కట్టడాలకు మాత్రం వేరే పథకం చూసుకోవాలని ఈసారి సభలో నేను చెప్పబోతున్నాను.