పర్లాకిమిడిలో నమ్మదగిన ల్యాప్‌టాప్ మరమ్మతు దుకాణం

పర్లాకిమిడి బజారులోని ఒక చిన్న కంప్యూటర్ మరమ్మతు దుకాణం గురించి, ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్న మన తెలుగువారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నా ల్యాప్‌టాప్ స్లీప్ నుంచి మేల్కొన్న ప్రతిసారీ టచ్‌ప్యాడ్ పనిచేయడం మానేసేది. రీస్టార్ట్ చేస్తే తప్ప కర్సర్ కదిలేది కాదు. అంతకుముందు మరొక చోట చూపిస్తే టచ్‌ప్యాడే మార్చాలన్నారు.

ఇక్కడి మెకానిక్ మాత్రం స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. యూఎస్‌బీ మౌస్ తగిలించి, విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో, టచ్‌ప్యాడ్‌కు సంబంధించిన ‘ఐ2సీ హెచ్‌ఐడీ డివైస్’ను డిసేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేయగానే టచ్‌ప్యాడ్‌కు ప్రాణం వచ్చింది. అలా పనిచేసిందంటే భాగం చెడిపోయి ఉండదని, స్లీప్‌లో ఆపిన పరికరాన్ని డ్రైవరు (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) తిరిగి సరిగా లేపలేకపోతోందని ఆయన తెలుగులోనే ఓపికగా వివరించారు. ఆ పరికరం ప్రాపర్టీస్‌లోని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, విద్యుత్తు ఆదా కోసం దాన్ని ఆపివేయడానికి అనుమతించే టిక్కు తీసేశారు. ఈ ట్యాబ్ అన్ని మోడళ్లలోనూ కనిపించదు. తర్వాత తయారీ సంస్థ వెబ్‌సైటు నుంచే నా మోడల్‌కు చెందిన టచ్‌ప్యాడ్ డ్రైవరు, బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వేశారు. బయాస్ మారుతున్నంతసేపూ ఛార్జరు తీయనివ్వలేదు. మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డుకే ముప్పు కనుక ఆ జాగ్రత్త నాకు ఎంతో నచ్చింది.

నా ఎదుటే మూత పలుమార్లు మూసి తెరిచి చూపించాకే డబ్బు తీసుకున్నారు. బిల్లు మాత్రం అడిగితేనే ఇస్తున్నారు, అది మార్చుకోవాలి.